గట్టు మీద పేర్లు పిలిచే సాయంత్రం

మా అక్క పేరు ఆరోగ్యం. ఏడాదికి ఒక్కసారి, ఆత్మల పండుగ సాయంత్రం, ఒక నది గట్టు మీద ఆ పేరు గట్టిగా పిలుస్తారు. పిలిచినప్పుడు బతికున్న మనిషి ఎవరో ఒకరు ‘ఉన్నాను’ అని పలకాలి. మూడుసార్లు పిలిచినా ఎవరూ పలక్కపోతే, ఆ పేరు మీద వెలిగించిన కొవ్వొత్తిని అరటి దొప్పలో పెట్టి నీళ్ళలో వదిలేస్తారు. ఆ తర్వాత ఆ పేరు ఇంకెప్పుడూ పిలవరు.

మన తెలుగు విచారణల్లో, అంటే ఒక్కో ఫాదర్ కింద ఉండే గుడి ఊళ్ళలో, ఇలాంటి ఆచారం నేనెక్కడా చూడలేదు. శ్రీకాకుళం వైపు మా ఊళ్ళో అయితే సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, పోయినవాళ్ళకి ఇష్టమైనది వండి తీసుకెళ్తాం. ఫాదర్ వచ్చి పవిత్ర జలం చల్లుతారు. అక్కడితో అయిపోతుంది. పిలవడం, పలకడం లేవు. నది ఒడ్డున ఉన్న ఆ బెంగాలీ పల్లెలో మాత్రం ఉన్నాయి. మా అక్క ఆ ఊరి కోడలు. మా నాన్నతోపాటు కలకత్తా ఓడరేవు డాక్‌లో బస్తాలు మోసిన పౌలు మండల్‌ని చేసుకుని, ఖిదిర్‌పూర్ వదిలి అక్కడికి కాపురానికి వెళ్ళింది. పిల్లలు పుట్టలేదు. పౌలు బావ ముందే పోయాడు. పెద్ద తుపాను వచ్చిన ఏడు, వరద తీశాక అంటుకున్న విరేచనాల జబ్బులో అక్క కూడా పోయింది.

అప్పట్నించీ అక్క పేరుకి బిమల అనే పొరుగావిడ పలుకుతూ వచ్చింది. ఈ వానల్లో ఆవిడ కూడా పోయింది. ఆ ఊరి ఉపదేశి, అంటే గుడిలో జపాలు చెప్పించే పెద్దాయన, ఫోన్ చేసి చెప్పాడు. “ఈసారి మీ వాళ్ళెవరైనా రావాలమ్మా. లేకపోతే ఆరోగ్య పేరు నీటికి వదిలెయ్యాల్సి వస్తుంది.”

మంచం మీద ఉన్న మా అమ్మ చెవిలో ఆ మాట పడింది. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను నిలవనియ్యలేదు.

తెల్లవారకముందే, ఖిదిర్‌పూర్

ముందురోజు రాత్రి పొంగడాలు వండాను. అక్కకి ఇష్టం. అమ్మ మంచం మీద నుంచే పాకం వాసన చూసి తప్పులు పట్టింది.

“ఏటే జోజీ, బెల్లం మాడిపోతంది. సూస్కోవేటి?”

“మాడలేదమ్మా.”

“నాను సెప్తన్నాను కదా, మాడింది. అది తిందు. నీ సేతి పొంగడాలు అది ఎప్పుడూ తిననేదు.”

“తినడానికి అక్క ఉందా అమ్మా?”

అమ్మ దుప్పటి మీదికి లాక్కుంది. తర్వాత అంది. “అందుకే ఎల్లమంతన్నాను. గట్టిగా పలుకు. నీది పీలగొంతు. ఇనిపించకపోతే నేదనుకుంతారు.”

మా అమ్మాయి బేబీ సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో పని చేస్తుంది. తోడు వస్తానంది కానీ సెలవు దొరకలేదు. “మా, ఫోన్ చార్జ్ ఫుల్ ఉంది, పడేసుకోకు. నీళ్ళ దగ్గర జాగ్రత్త, బుఝ్‌లే, తెలిసిందా?” అని బస్సు ఎక్కించింది. కాళీపూజ అయి కొద్ది రోజులే అయింది. పందిళ్ళ వెదురు కర్రలు ఇంకా రోడ్డు పక్కన పడున్నాయి. ఆ చీకట్లో అవి నాకు కూలిపోయిన గుడి దూలాల్లా కనిపించాయి.

కేనింగ్ రైలు

శియాల్దా స్టేషన్‌లో దక్షిణం వైపు ప్లాట్‌ఫారాలు పొద్దున్నే ఎలా ఉంటాయో చూడనివాళ్ళకి చెప్పాలి. పల్లెల నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చే ఆడవాళ్ళు రైళ్ళలోంచి వరదలా దిగుతారు. ఆ వరదకి ఎదురెళ్ళి, వాళ్ళు ఖాళీ చేసిన ఆడవాళ్ళ పెట్టె ఎక్కాను. టికెట్ పదిహేను రూపాయలు. పెట్టెలో నేనొక్కదాన్నే. తమలపాకుల వాసన, తడి చెప్పుల గుర్తులు మిగిలాయి. అంతమంది మనుషులు ఒక్కసారిగా మాయమైనట్టు ఉంది.

రెండు స్టేషన్లు దాటాక ఒక ముసలావిడ బుట్టతో ఎక్కింది. బుట్ట నిండా కొవ్వొత్తులు. నేను అడగకుండానే ఎదురుగా కూర్చుని రెండు తీసి నా ఒళ్ళో పెట్టింది.

“ఒకటి చాలు మాషీ,” అన్నాను. బెంగాలీలో పిన్నిని మాషీ అంటారు. పెద్దవాళ్ళని అలాగే పిలవాలి.

“రెండు తీసుకో. నువ్వు వెళ్ళే వైపు గాలి ఎక్కువ.”

“నేను ఎక్కడికి వెళ్తున్నానో మీకేం తెలుసు?”

“ఈ రోజు ఈ పెట్టెలో ఎదురు దిక్కుకి వెళ్ళేవాళ్ళు ఇంకెక్కడికి వెళ్తారు?” అని పళ్ళు లేని నోటితో నవ్వింది. ఒకటి అయిదు రూపాయలు. రెండూ తీసుకున్నాను. తర్వాతి స్టేషన్‌లో దిగిపోయింది. ఆ రెండో కొవ్వొత్తి ఎందుకు కొన్నానో సాయంత్రం దాకా నాకు తెలియలేదు.

కేనింగ్‌లో దిగి మట్టి కప్పులో టీ తాగి, శనగలు కలిపిన మరమరాలు తిన్నాను. ముప్ఫై రూపాయలకి కడుపు నిండింది. మరమరాలు మనం కూడా తింటాం కానీ వాళ్ళు పచ్చి ఆవనూనె చల్లుతారు. ముక్కులోంచి కళ్ళదాకా ఎక్కుతుంది.

రేవు దాటాక

ఆటో దిగి, పడవలో నది దాటితే అవతల ఒడ్డున ఒకే ఒక్క బండి ఉంది. వాళ్ళు దాన్ని ‘భ్యాన్’ అంటారు. రిక్షాకి వెనక చెక్క బల్ల, కింద డీజిల్ ఇంజను. బల్ల అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోవాలి. బండి తోలే మనిషి నడివయసువాడు. నన్ను చూడగానే అన్నాడు.

“మళ్ళీ వచ్చావా మాషీ? ఈసారి ఆలస్యమైందే.”

నేను ఆ గడ్డ మీద కాలు పెట్టడం అదే మొదటిసారి.

“నేనెప్పుడూ రాలేదు దాదా. నా పేరు జోజమ్మ. ఆరోగ్య మండల్ చెల్లెల్ని, ఖిదిర్‌పూర్ నుంచి…”

అతను ఇంజను ఆపేశాడు. దిగి, జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. రాళ్ళుప్పు. ఒక పలుకు నా చేతిలో పెట్టి నాలిక మీద వేసుకోమన్నాడు. వేసుకున్నాను. అప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు.

“ఈ రోజు సొంత పేరు బయటికి చెప్పకూడదు మాషీ. వినేవాళ్ళు తిరుగుతుంటారు, ఉప్పున్న నోటి దగ్గరికి మాత్రం రారు. మేమూ ఎవరినీ నువ్వెవరు, ఎక్కడినుంచి వచ్చావు అని అడగం. రోడ్డు మీద ఎదురైనవాళ్ళు బతికున్నవాళ్ళో కాదో మాకేం తెలుసు? అందుకే అందరినీ మళ్ళీ వచ్చావా అంటాం. నిజంగా మళ్ళీ వచ్చినవాళ్ళయితే సంతోషిస్తారు. కాకపోతే పోయేదేం లేదు.”

దారంతా అంతే. ఇటుకల రోడ్డుకి రెండు వైపులా ఉప్పునీటి చెరువులు. వలలు బాగు చేసుకుంటున్నవాళ్ళు తలెత్తి చూసి, “ఫిరే ఏలే?” అన్నారు. అంటే, తిరిగొచ్చావా అని. ఆవుని తోలుకెళ్తున్న ఒక ఆడమనిషి ఆగి, “బాగా చిక్కిపోయావు,” అంది. ఏమని జవాబు చెప్పాలో తెలీక తల ఊపాను. నాలిక మీద ఇంకా ఉప్పు కరుగుతోంది.

సంధ్య ఇంట్లో భోజనం

ఉపదేశి నాకు బస సంధ్య ఇంట్లో ఏర్పాటు చేశాడు. నలభై దాటిన మనిషి. చేతులకి శంఖు గాజులు, పాపిట్లో సిందూరం, మెడలో జపమాల. మనవైపు కతోలిక ఆడవాళ్ళు పుస్తెలతో సిలువ కట్టుకుంటే, వీళ్ళు శంఖు గాజులు వేసుకుని మరియమ్మకి దండం పెడతారు. భర్త పీతల వేటకి పడవ మీద పోయాడట. నాలుగు రోజులకి గానీ రాడు.

నా పొంగడాల డబ్బా మూత తీయగానే సంధ్య కెవ్వున అరిచినంత పని చేసింది.

“ఆరోగ్య పిఠే!”

పిఠే అంటే పిండివంట. మా అక్క ప్రతి క్రిస్మస్‌కీ వండి వీధి వీధికీ పంచేదట. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఆ వంటకి మా అక్క పేరే. సంధ్య ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

“కొంచెం మాడింది,” అంది.

మా అమ్మ అక్కడ కూడా గెలిచింది.

అన్నం, పీతల పులుసు, చేమకాడల కూర పెట్టింది. తింటుండగా బిమల సంగతి చెప్పింది. నేను తెలుగులో రాస్తున్నాను గానీ మాటలన్నీ బంగ్లాలోనే జరిగాయి. చిన్నాన్న భార్యని వాళ్ళు కాకీ అంటారు.

“ఇక్కడ ఒక నోరు ఒకరికే మాషీ. పోయినవాళ్ళు ఇద్దరుంటే ఒకరినే ఎంచుకోవాలి. రెండో పేరుకి పలికితే మొదటిదీ చెల్లదు. బిమల కాకీ మొగుడు కూడా ఆ తుపానులోనే పోయాడు. మొదటి ఏడు ఆవిడ మొగుడికి పలకలేదు. మీ అక్కకి పలికింది.”

నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

“మరి ఆయన పేరు?”

“నీటికి వదిలేశారు. కాకీ చూస్తూ నిలబడింది.”

“ఎందుకలా చేసింది?”

“వరదలో గుడి కిటికీకి తన చీరతో బిమల కాకీని కట్టేసింది మీ అక్కే. నీళ్ళు దిగాక మీ అక్క జబ్బుపడ్డప్పుడు కాకీ పక్కనే కూర్చుంది. మీ అక్క అడిగిందట, నా పేరు పిలిచినప్పుడు మా మాటలో పలకవా అని. ఇక్కడందరం బంగ్లాలో ‘ఆఛి’ అంటాం. కాకీ మాత్రం మీ మాటలో పలికేది. ఉ-న్నా-న-మ్మా.” సంధ్య నాలుగు ముక్కలుగా పలికింది. చివర్న సాగదీసింది. అచ్చం మా అక్క సాగదీసినట్టే. “ఈ ఊళ్ళో పిల్లాజెల్లా అందరికీ వచ్చు ఆ మాట. దాని అర్థం మాత్రం చాలామందికి తెలీదు.”

“ఈసారి బిమలకి ఎవరు పలుకుతారు?”

“కొడుకు కేరళలో మేస్త్రీ పని చేస్తున్నాడు. వస్తానన్నాడు.” సంధ్య వాకిలి వైపు చూసింది. “పొద్దున్నించీ ఫోన్ దొరకడం లేదు.”

“నువ్వు?”

“నాకు పలకడానికి మా బాబా, మా నాన్న, ఉన్నాడు మాషీ. నిఖిల్ సర్దార్. పీతల కోసం అడవిలోకి వెళ్ళి పులి నోట పడ్డాడు. ఏమీ దొరకలేదు, చెప్పు కూడా. సమాధి లేదు. ఏడాదికొకసారి ఆ పిలుపే మాకు మిగిలింది.” చేమకాడ ఒకటి నా ఆకులో వేసింది. “పిలిచే వరస ఒకటుంది. ముందు మట్టిలో ఉన్నవాళ్ళని, తర్వాత నీళ్ళలో ఉన్నవాళ్ళని, చివర ఎక్కడా లేనివాళ్ళని పిలుస్తారు. మా బాబా చివరివాళ్ళలో.”

“నీళ్ళలో ఉన్నవాళ్ళంటే?”

“చూస్తారుగా,” అంది.

ఫాదర్ వెళ్ళిపోయాక

గుడి చిన్నది, రేకుల కప్పు. గంట బదులు రైలు పట్టా ముక్క వేలాడదీసి ఇనుప కడ్డీతో కొడతారు. ఆ శబ్దం చెవిలోకన్నా పళ్ళల్లో ఎక్కువ వినిపిస్తుంది. మధ్యాహ్నం విచారణ గురువు పడవ మీద వచ్చారు. కుర్రాయన. పూజ చేసి, గట్టు లోపలున్న కొత్త సమాధులకి పవిత్ర జలం చల్లి, గబగబా అంగీ మడత పెట్టుకున్నారు.

“మీరు సాయంత్రం దాకా ఉండరా ఫాదర్?” అన్నాను.

“పోటు తియ్యకముందే ఇంకో గుడికి వెళ్ళాలమ్మా.” ఆయన గట్టు వైపు చూసీ చూడనట్టు చూశారు. “ఆ పిలిచేదంతా ఊరివాళ్ళది. అది పుస్తకంలో లేదు. ఉండి చూస్తే వద్దని చెప్పాలి. వద్దని చెప్పాలని నాకు లేదు.”

పడవ ఎక్కి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక ఊళ్ళో మాటలు తగ్గిపోయాయి. పొయ్యిలు ఆర్పేశారు. కుక్కల్ని కట్టేశారు. అందరూ ఒక్కొక్కరే, పక్కవాళ్ళతో మాట్లాడకుండా, గట్టు మీదికి నడిచారు.

గట్టు మీద

గట్టు ఎక్కి అవతలికి చూశాను. అప్పుడర్థమైంది నీళ్ళలో ఉన్నవాళ్ళంటే ఏమిటో.

పాత సమాధుల తోట ఒకప్పుడు అక్కడుండేదట. నది గట్టుని కోసుకుంటూ వచ్చి మొత్తం మింగేసింది. ఊరివాళ్ళు వెనక్కి జరిగి కొత్త గట్టు వేసుకున్నారు. పోటు సమయంలో అక్కడ నీళ్ళు తప్ప ఏమీ కనపడవు. నేను చూసేటప్పటికి నీళ్ళు తీస్తున్నాయి. బురదలోంచి సిమెంటు సిలువల తలలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. కొన్ని నిటారుగా, కొన్ని వంగి, కొన్ని ఒక చెయ్యి మాత్రమే పైకెత్తి. పీకల్లోతు బురదలో మనుషులు నిలబడి మా వైపు చూస్తున్నట్టుంది. బురదలో పీతల బొరియలు టుపుక్కు టుపుక్కు మంటున్నాయి. వాటిలో మా అక్కది ఏదో నాకు తెలీదు.

నా కొవ్వొత్తి ఒకటి వెలిగించి గట్టు మీద మట్టిలో గుచ్చాను. అక్క పేరు మీద. అటూ ఇటూ చూస్తే, కొత్త సమాధుల్లో ఒకదాని ముందు కొవ్వొత్తి లేదు. అది బిమలది. నా చేతిలో రెండోది ఉంది. వెళ్ళి వెలిగించి వచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు.

మసక పడింది. అప్పటిదాకా ఖోల్, అంటే మట్టి మద్దెల, వాయిస్తున్న మనిషి చెయ్యి ఆపాడు. ఉపదేశి ముందుకొచ్చాడు. బక్కపల్చటి మనిషి, భుజం మీద తువ్వాలు, చేతిలో లాంతరు. కాగితం లేదు. పేర్లన్నీ ఆయన నోట్లోనే ఉన్నాయి. సంధ్య నా చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పింది.

“ఎవరు పలికారో తిరిగి చూడకూడదు. తర్వాత అడగకూడదు. జ్ఞాపకం పెట్టుకోండి.”

మొదటి పేరు పిలిచాడు. చీకట్లోంచి ఎవరో “ఆఛి” అన్నారు. రెండో పేరుకి ఒక ముసలి గొంతు “ఆఛి” అంది. ఆ మాట పలికే తీరు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంది. మామూలుగా మాట్లాడే గొంతులు కావవి. పిలిపించుకున్నవాళ్ళు ఒక్క క్షణం వచ్చి ఆ నోళ్ళని అడిగి తీసుకున్నట్టు ఉంది. నా వంతుకి గొంతు పెగలదేమోనని లోపల్లోపల మాట కూడదీసుకుంటున్నాను. గట్టిగా పలుకు, గట్టిగా పలుకు అని అమ్మ మాటే.

“బిమల గాయెన్.”

జవాబు లేదు. గాలికి కొవ్వొత్తులు వంగి లేచాయి.

“బిమల గాయెన్.”

కొడుకు రాలేదు. ఎవరో దగ్గారు. అక్కడున్న ప్రతివాళ్ళ నోటికీ ఒక్కో పేరు కట్టేసి ఉంది. నాకూ ఉంది. నేను పలక్కూడదు. అమ్మ మంచం మీద ఎదురు చూస్తోంది. నూరు మాటలు చెప్పి పంపింది. కానీ మొగుడి దీపం నీళ్ళలో పోతుంటే, మా అక్క పేరు నోట్లో పెట్టుకుని చూస్తూ నిలబడ్డ ఒక ఆడమనిషి నా కళ్ళముందు నిలబడింది. ఆవిడ ముఖం నాకు తెలీదు. ముఖం లేకుండానే నిలబడింది.

ఉపదేశి ఊపిరి పీల్చుకున్నాడు. “బిమల గాయెన్.”

“ఆఛి,” అన్నాను.

ఆ గొంతు నాది కాదేమో అన్నంత గట్టిగా వచ్చింది. ఉపదేశి లాంతరు కొద్దిగా పైకి లేచి మళ్ళీ కిందికి దిగింది. సంధ్య వేళ్ళు నా చేతిని నొక్కాయి. “మాషీ, ఎంత పని చేశారు!” అంది ఊపిరితోనే.

ఆ తర్వాత ఆయన కొత్త సమాధుల వైపు నుంచి తిరిగి నీళ్ళకి ఎదురుగా నిలబడ్డాడు. బురదలోని సిలువల్ని ఒక్కొక్కటే పిలిచాడు. ప్రతి పేరుకీ పలికారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఇల్లు చేరి అమ్మతో ఏమని చెప్పాలి?

“ఆరోగ్య మండల్.”

నీళ్ళు తీస్తున్న చప్పుడు.

“ఆరోగ్య మండల్.”

నా చేతిలో ఉన్న సంధ్య చెయ్యి ఎప్పుడు పోయిందో తెలీదు. నా పక్కన ఖాళీ. నేను ముందుకే చూస్తున్నాను. ఎంత ముందుకంటే, మెడ నరాలు నొప్పెట్టేటంత.

“ఆరోగ్య మండల్.”

“ఉన్నానమ్మా.”

నీళ్ళ వైపు నుంచి వచ్చింది. గట్టు దిగువన, బురద మొదలయ్యే చోటు నుంచి. చివర్న సాగదీసి, చిన్నప్పుడు డాక్ దగ్గర మా గదిలో అమ్మ పిలిస్తే చాప మీద నుంచి లేవకుండానే మా అక్క పలికినట్టు. ఉపదేశి ఒక్క క్షణం కూడా ఆగకుండా తర్వాతి పేరుకి వెళ్ళిపోయాడు.

నీళ్ళలోని వాళ్ళు అయిపోయారు. చివరగా ఆయన లాంతరు కింద పెట్టి, ఎటూ తిరగకుండా, ఆకాశంలోకి చూస్తూ పిలిచాడు. ఎక్కడా లేనివాళ్ళ పేర్లు ఎన్నో లేవు. 

“నిఖిల్ సర్దార్.”

ఎవరూ పలకలేదు.

రెండోసారి పిలిచాడు. పలుకు, పలుకు సంధ్యా, అని లోపల అరిచాను. మూడోసారి పిలిచేటప్పుడు ఆయన గొంతు కొద్దిగా వణికిందని నాకనిపించింది. బురదలో పీతల చప్పుడు కూడా ఆగిపోయింది.

ఎవరూ పలకలేదు.

అరటి దొప్పలో కొవ్వొత్తి పెట్టి ఎవరో కిందికి దిగారు. ఆ వెలుగు బురద దాటి, సిలువల మధ్య నుంచి మెల్లగా తిరుగుతూ, తీస్తున్న నీళ్ళతోపాటు నది మధ్యకి వెళ్ళిపోయింది. అది కనపడకుండా పోయేదాకా ఎవరూ కదల్లేదు. అప్పుడు ఒక చెయ్యి మళ్ళీ నా చేతిలోకి వచ్చింది. మోచేతి దాకా తడిగా, బురదగా, ఐసుముక్కలా ఉంది.

నేను తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున

గుడి దగ్గర అందరూ కలిసి కిచిడీ తిన్నాం. కుక్కల్ని విప్పేశారు. జనం నవ్వుకున్నారు, చేపల ధరలు తిట్టుకున్నారు. గట్టు మీద జరిగిన దాని గురించి ఒక్క మాట లేదు. నాకు నాలిక చివరిదాకా వచ్చేది. మింగేశాను.

పొద్దున పోటు వచ్చి సిలువలన్నీ మునిగిపోయాయి. నీళ్ళు నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. సంధ్య వాకిట్లో చీర ఉతికి ఆరేస్తోంది. అంచుకి మోకాలి ఎత్తు దాకా బురద మరక పోలేదు. నేను ఆ మరక వంక చూడటం ఆమె చూసింది. నీళ్ళ చెంబు తీసుకుని మళ్ళీ రుద్దింది.

అడగకూడదు కదా. అందుకని వేరేది అడిగాను.

“మీ నాన్నకి తిండిలో ఏమంటే ఇష్టం సంధ్యా?”

ఆమె చేతులు ఆగాయి. తర్వాత నవ్వింది. “చద్దన్నం, పచ్చిమిరపకాయ. ఒక్కో ముద్దకి ఒక్కో కాయ. అమ్మ తిట్టేది, మిరపచెట్టుని పెళ్ళి చేసుకోవాల్సింది నువ్వు అని.” చీర దులిపి తీగె మీద వేసింది. “ఇన్నాళ్ళకి ఎవరో అడిగారు.”

ఖర్జూర బెల్లం ముద్ద ఒకటి ఆకులో చుట్టి నా సంచిలో పెట్టింది. “వచ్చే ఏడు బిమల కాకీకి పలకడానికి రావాలి మీరు. మొదలుపెట్టాక మానకూడదు.”

“వస్తాను. మా బేబీని కూడా తెస్తాను, అక్కకి పలకడానికి.” ఆ తర్వాత మాట నా నోట రాలేదు. నీ నోరు అప్పుడు ఖాళీ అవుతుంది, కానీ పలకడానికి నీకు పేరు లేదు. ఒకసారి వదిలేసిన పేరు మళ్ళీ పిలవరు.

రేవు దగ్గర దింపుతూ భ్యాన్ అతను ఆ రోజుకి కొత్తగా, ఎప్పుడూ చూడని మనిషిని అడిగినట్టు అడిగాడు.

“ఇంతకీ ఏ ఊరు మాషీ మీది? పేరేంటి?”

చెప్పాను. ఈసారి ఉప్పు పెట్టలేదు. ఇరవై రూపాయలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇల్లు

నేను గడప దాటకముందే అమ్మ అడిగింది. “పలికినావేటే?”

సంచి కింద పెట్టి, కాళ్ళు కడుక్కుని, ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. బిమల పేరుకి పలికానని చెప్పినప్పుడు అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. కొడుతుందేమో అనుకున్నాను.

“మరి దాని పేరు?”

“పలికారమ్మా. ఉన్నానమ్మా అని.”

“ఎవరు?”

“అడక్కూడదు.”

“గొంతు ఎలగుంది?”

“అక్క గొంతులాగే ఉంది.”

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే అంది. “నిన్న దీపాలేల నాకూ ఇనిపించింది. బేబీకి సెప్తే, నిద్రలో కలవరించినావు అమ్మమ్మా అంది.” తర్వాత ఇటు తిరిగింది. “నికిలు సంగతి సెప్పు. మల్లీ సెప్పు.”

మళ్ళీ చెప్పాను. పులి సంగతి, దొరకని చెప్పు సంగతి, ముద్దకో పచ్చిమిరపకాయ సంగతి, నది మధ్యకి వెళ్ళిపోయిన వెలుగు సంగతి, సంధ్య చీరకి మిగిలిన బురద సంగతి.

మా ఇంట్లో రోజూ దీపాలు పెట్టే వేళకి జపమాల చెప్పుకుంటాం. చివర్న అమ్మ మా ఇంట్లో పోయినవాళ్ళ పేర్లన్నీ తలుచుకుంటుంది. నాన్న, అక్క, పౌలు బావ, మా ఆయన. ఆ సాయంత్రం జపం అయ్యాక అమ్మ బేబీని వంటింట్లోకి పంపి పచ్చిమిరపకాయ తెప్పించింది. మరియమ్మ పటం ముందు, కొవ్వొత్తి పక్కన పెట్టించింది. బేబీ నా వైపు వింతగా చూసింది. డాక్‌లో క్రేను కూత వేసి ఆగింది.

అమ్మ దిండు మీద నుంచి తల ఎత్తి, నాకు నేర్పిన గట్టి గొంతుతో పిలిచింది.

“నికిలు సర్దారు.”

ఒక నోరు ఒకరికే అన్నది గట్టు మీది మాట, మా ఇంటిది కాదు. పేరు అలా పలకరని నేను సరిచెయ్యలేదు. మూడోసారి దాకా ఆగనూ లేదు.

“ఉన్నానమ్మా,” అన్నాను.